మార్కులు లేని గీత: ఒక పీఠిక

ఈ పుస్తకం వ్రాతప్రతి నా దగ్గరికి మాఘమాసంలో వచ్చింది. ఇప్పుడు జ్యేష్ఠం నడుస్తున్నది. ఇంత చిన్న పుస్తకాన్ని నాలుగు నెలలు అట్టిపెట్టుకున్నా గ్రంథకర్త్రి నన్ను ఒక్కనాడూ తొందరపెట్టలేదు గాని, ఆలస్యానికి కారణం చెప్పుకోవడం పెద్దవాడిగా నా విధి. పీఠికలు వ్రాసేవారిలో పుస్తకం చదివి వ్రాసేవారు కొందరు, అట్ట చూసి వ్రాసేవారు కొందరు. ఈ పుస్తకానికి ఆ రెండు పద్ధతులూ చాలవు. ఇందులో చెప్పినది చేసి చూడకుండా దీన్ని గురించి ఒక్క వాక్యం వ్రాసినా అది దొంగసాక్ష్యమే అవుతుంది. అందుచేత డెబ్బయి తొమ్మిదో ఏట, జీవితంలో మొట్టమొదటిసారి, పిడికెడు ముగ్గుపిండి పట్టుకుని మా ఇంటి వెనక వసారాలో గొంతుక్కూర్చున్నాను. మా ఇంటావిడ తలుపు దగ్గర కాసేపు నిలబడి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఉపాధ్యాయుల మనఃక్లేశానికి ముగ్గునూ యోగాన్నీ జతచేసి ఒక అభ్యాసక్రమాన్ని కూర్చిన పుస్తకమిది. వ్రాసినది ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పంతొమ్మిదేళ్ళుగా గణితం చెబుతున్న ఉపాధ్యాయిని. నా దగ్గర పదో తరగతిలో తెలుగు చదువుకున్నది. శిష్యురాలి పుస్తకాన్ని గురువు మెచ్చుకోవడంలో విశేషం ఏముందని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఆనాడు ఆమెకు సంధులు చెప్పినవాణ్ణి నేను. ఈనాడు శ్వాస ఎట్లా విడవాలో ఆమె నాకు చెప్పింది. ఈ లెక్కలో ఎవరు ఎవరికి గురువో తేల్చే పని పాఠకులకే వదులుతున్నాను.

బడిపంతులు అలసట ఎట్టిదో బడిలో పనిచేయనివారికి బోధపరచడం కష్టం. పొలంలో కలుపు తీసినవాడి అలసట రాత్రి నిద్రకు లొంగుతుంది. రోజంతా యాభై అరవై జతల కళ్ళ ముందు నిలబడి, ఒకే సూత్రాన్ని నాలుగు సెక్షన్లలో నాలుగుసార్లు, నాలుగోసారీ మొదటిసారి చెబుతున్నంత ఉత్సాహం తెచ్చుకుని చెప్పినవాడి అలసట నిద్రలోకి కూడా వెంటవస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగవర్గీకరణ పదకొండవ కూర్పులో ఈ స్థితికి చోటిచ్చి, దీన్ని వ్యాధిగా గాక వృత్తిగతమైన స్థితిగా నిర్వచించింది; సత్తువ ఉడిగిపోవడం, చేసే పని మీద మనసు విరిగి దూరం కావడం, తన పని వల్ల ఏమీ కావడం లేదన్న భావన నాటుకోవడం అనే మూడు లక్షణాలను చెప్పింది. నేను ఈ మూడింటినీ వరుసగా అనుభవించాను. అప్పట్లో వాటికి పేరుందని తెలియదు. పదవీ విరమణకు ఏడాది ముందు, ఒక వేసవి మధ్యాహ్నం, పక్కవాడితో మాట్లాడుతున్న ఏడో తరగతి పిల్లవాడి మీదికి డస్టరు విసిరాను. అది వాడికి తగలలేదు, కిటికీ చట్రానికి తగిలి కింద పడింది. వాడు లేచి వెళ్ళి, డస్టరు తీసి, చొక్కాకు తుడిచి, తెచ్చి నా చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను పొందిన సన్మానాలు ఏవీ ఇప్పుడు సరిగా గుర్తులేవు గాని, సుద్దపొడి అంటిన ఆ చొక్కా మాత్రం నిన్నటిలా ఉంది. ఈ పుస్తకం ఆనాడు నాకు దొరికి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. దొరకవలసిన పుస్తకం అని మాత్రం చెప్పగలను.

ఈ గ్రంథకర్త్రికి ఈ విద్య రెండు వైపుల నుంచి వంశపారంపర్యంగా సంక్రమించింది. మాతామహి ధనుర్మాసం నెల్లాళ్ళూ వేసిన ముగ్గు మళ్ళీ వేయని ఇల్లాలు. కనుమనాడు ఆమె వేసిన రథం ముగ్గు పగ్గం వీధి చివరిదాకా సాగి పొరుగింటి రథంతో కలిసేదని మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. తండ్రి డ్రిల్లు మాస్టారు. మైదానంలో పిల్లలచేత సూర్యనమస్కారాలు చేయిస్తూ, ఊపిరి ఎక్కడ పీల్చాలో ఎక్కడ విడవాలో అరిచి చెప్పేవాడు. ఊపిరినీ కదలికనూ ముడివేసే ఈ పద్ధతికి మన కాలంలో ప్రతిష్ఠ తెచ్చినవారు తిరుమల కృష్ణమాచార్యులవారు. మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆదరణలో ఆయన నడిపిన యోగశాల నుంచి బి.కె.ఎస్. అయ్యంగారు, పట్టాభి జోయిస్ వంటివారు వెలువడి లోకమంతటా శిష్యపరంపరలను నిలిపారు. ఒక ఆసనం నుంచి మరొక ఆసనానికి ఉచ్ఛ్వాస నిశ్వాసాలే వంతెనలని ఆ సంప్రదాయం చెబుతుంది. అమ్మమ్మ చేతిలోని పిండిగీతకు తండ్రి నేర్పిన నిశ్వాసాన్ని జోడించవచ్చునని ఈమెకు తట్టడమే ఈ గ్రంథానికి బీజం.

ఆ బీజం ఎట్లా మొలకెత్తిందో కొంత దగ్గరగా చూపవలసి ఉంది. ముగ్గుల పుస్తకాల పరిభాషలో "ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు" అంటే, నడిమి వరుసలో ఏడు చుక్కలు పెట్టి, దానికి పైనా కిందా చుక్కల సందుల్లో ఆరేసి, అయిదేసి, నాలుగేసి పెట్టుకుంటూ పోవడం. మొత్తం 37 చుక్కలు; గణితోపాధ్యాయిని కనుక కూడిక కూడా చేసి చూపింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండి పట్టి, వేళ్ళను మెల్లగా రాపాడిస్తూ, ఒక చుక్కను చుట్టి, రెండోదాని కింది నుంచి దూరి, మూడోదాని మీదుగా తిరిగి, ఎక్కడా చుక్కను తాకకుండా పోయి పోయి మొదలుపెట్టిన చోటే గీతను కలపాలి. ఇది మన మెలికల ముగ్గు. తమిళులు కోలం అంటారు. ఇందులో వ్యాకరణం వంటిది ఒకటి నిగూఢంగా ఉన్నదని గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అనే పండితులు 1974లోనే మద్రాసు నుంచి పరిశోధనపత్రం వెలువరించారు. కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఈనాటికీ దాన్ని ప్రస్తావిస్తారు. మన వీధి గుమ్మాల్లో రోజూ తొక్కుకుంటూ నడిచిన విద్య అది.

గ్రంథకర్త్రి ఇక్కడ చేర్చిన నియమం ఒక్కటే: మెలిక తిరుగుతున్నంతసేపూ ఊపిరి బయటికి పోతుండాలి, మెలిక ముగిసి వేళ్ళు పిండి డబ్బాలోకి వెళ్ళినప్పుడు లోపలికి రావాలి. చదివేటప్పుడు ఇది పసిపిల్లల ఆటలా తోచింది. చేయబోతే మూడో మెలికకే ఊపిరి చాలక గీత వణికింది. తొందరపడితే పిండి కుప్పగా పడింది. ఊపిరిని పొడిగించకుండా గీత పొడుగు కాదు, గీత మీద చూపు నిలపకుండా ఊపిరి పొడుగు కాదు. పతంజలి చెప్పిన ధారణకు, అంటే చిత్తాన్ని ఒక్కచోట కట్టివేయడానికి, ఇంతకంటే చవకైన సాధనం నేను ఎరుగను. అర్ధరూపాయి పిండి కూడా ఖర్చు కాదు.

పతంజలి ప్రసక్తి వచ్చింది కనుక, యోగభాగం ఎంత వివేకంతో కూర్చబడిందో చెప్పాలి. యోగమంటే శరీరాన్ని తాడులా మెలిపెట్టడమనే భ్రమ ఈనాడు బాగా ప్రబలింది. పాఠభేదాన్ని బట్టి 195గానో 196గానో లెక్కించే యోగసూత్రాలలో ఆసనాన్ని గురించి పతంజలి చెప్పినవి మూడే సూత్రాలు. ఆసనానికి ఆయన కోరినవి స్థిరత్వమూ సుఖమూ. ఈ పుస్తకంలోనూ ఆసనాలు తక్కువే. అభ్యాసానికి కూర్చునేటప్పుడు మొదట మెడ, భుజాలు, మణికట్టు కదిలించే సూక్ష్మవ్యాయామం, తరువాత అయిదు ఆవృత్తుల భ్రామరి, ఆపైన ముగ్గు, చివర గోడకు కాళ్ళు చేరవేసి పది నిమిషాలు పడుకోవడం. అంతా కలిపి అరగంట. హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు లెక్కించిన ఎనిమిది కుంభకాలలో భ్రామరి ఒకటి. తుమ్మెద ఝంకారంలా పెదవులు మూసి నాదం చేస్తూ నిశ్వసించడం. రోజంతా గొంతు చించుకునేవారికి, అరవకుండా కంఠాన్ని పలికించే ఈ ప్రాణాయామాన్ని ఎంచుకోవడంలో గ్రంథకర్త్రి పరిశీలన కనబడుతుంది. గోడకు కాళ్ళు చేర్చడం కూడా అట్టిదే. ఆరు పీరియడ్లు నిలబడిన పిక్కలకు అది ఏమిటో చేసినవారికే తెలుస్తుంది. రక్తపోటు అధికంగా ఉన్నవారు, కంటిలో నీటికాసులు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా కాళ్ళు పైకెత్తరాదనీ, నడుము నొప్పి ఉన్నవారు మోకాళ్ళు వంచకుండా వంగి ముగ్గు వేయరాదనీ, పీట మీద కూర్చుని పలక మీద వేసుకోవచ్చుననీ ఆమె ముందే హెచ్చరించింది. యోగం మీద ఈ మధ్య వెలువడే పుస్తకాలలో ఇట్టి హెచ్చరికలు వెతికినా దొరకవు.

మాటల ఎంపికలో కూడా ఆమె శ్రద్ధ నాకు నచ్చింది. ఇప్పుడు లోకమంతా వాడుతున్న మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట, పాళీలోని సతి శబ్దానికి రైస్ డేవిడ్స్ అనే పండితుడు 1881లో వాడగా స్థిరపడిన అనువాదం. సతి అంటే సంస్కృతంలో స్మృతి. 1979లో జాన్ కబాట్ జిన్ అనే ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో రోగుల కోసం శిక్షణక్రమం ఒకటి ఏర్పరచి, దానిలో హఠయోగాన్ని కూడా చేర్చిన తరువాత ఆ మాట ఇంటింటికీ పాకింది. మనవాళ్ళు దాన్ని తెలుగు చేయబోయి పలకడానికే ఊపిరాడని సమాసాలు కల్పించారు. గ్రంథకర్త్రి ఎరుక అని ఊరుకుంది. ఎరుకలసాని నోట, వేమన యోగి నోట నలిగిన మాట. దాన్ని మించినది మనకు అక్కరలేదు.

పాశ్చాత్య పరిశోధనలను ఆమె ఉదాహరించిన అధ్యాయం సంక్షిప్తం, అది మేలైంది. 2016లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంవారు 39 మంది పెద్దలచేత 45 నిమిషాలు బంకమట్టితోనో రంగులతోనో అతుకుబొమ్మలతోనో ఇష్టం వచ్చినట్లు ఏదైనా చేయించి, ముందూ వెనకా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును కొలిస్తే, సుమారు నూటికి డెబ్బయి అయిదు మందిలో అది తగ్గిందట. వారికి పూర్వం కళలో అనుభవం ఉన్నదా లేదా అన్నదానితో నిమిత్తం లేకపోయిందట. ముప్ఫై తొమ్మిది మందితో లోకాన్ని తీర్మానించరాదని ఆమెకు నేను ఉత్తరం వ్రాయబోయాను. తిరగేసి చూస్తే ఆ మాట ఆమే వ్రాసి ఉంది.

ఇక ఈ గ్రంథానికి ప్రాణం ఏదో చెబుతాను. ఆరో అధ్యాయంలో ఒక నిషేధం ఉంది: వేసిన ముగ్గును ఫొటో తీయరాదు, ఎవరికీ చూపరాదు, ఇంటికి వెళ్ళేముందు చీపురుతో ఊడ్చివేయాలి. చదవగానే నాకు కష్టం కలిగింది. అంత శ్రమపడి వేసినదాన్ని చెరపమనడం కళకు అపచారం కదా అనుకున్నాను. ఆ మాటే ఫోనులో అడిగాను. "మాస్టారూ, మా బడిలో ఇవాళ ఫొటో లేని పని ఏదైనా ఉందా చెప్పండి" అన్నది. నిజమే. వడ్డించిన భోజనానికి ఫొటో, మొన్నమొన్నటిదాకా కడిగిన మరుగుదొడ్డికి కూడా ఫొటో, హాజరుకు తన ముఖానికే ఫొటో. సిగ్నలు అందక బడి వెనక చింతచెట్టు కింద చేయి పైకెత్తి తిరుగుతున్న పంతుళ్ళను నేనూ చూశాను. కొంచెం ఆగి ఆమె ఇంకో మాట కూడా అన్నది: "రోజంతా మార్కులు వేసే చెయ్యి కదండీ. దానికి మార్కులు లేని పని అరగంట కావాలి."

నాకు అప్పుడు అర్థమైంది. రుజువు అవసరం లేని పని చేయడమే ఇందులోని విశ్రాంతి. మన వాకిళ్ళలో ముగ్గు ఎన్నడూ దాచుకునే వస్తువు కాలేదు. తెల్లవారితే కళ్ళాపి చల్లి నిన్నటిదాన్ని తుడిచి ఇవాళ్టిది వేయడమే దాని మర్యాద. బాగాలేదని ఎవరూ ఎర్రసిరాతో దిద్దరు, బాగుందని రిజిస్టరులో ఎక్కించరు. మనకు చదువు మొదలైనది కూడా ఇట్లాగే: అక్షరాభ్యాసంనాడు పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి పట్టుకుని దిద్దించిన ఆ మొదటి ఓంకారాన్ని బియ్యం వెంటనే మింగేసింది. ఆ బియ్యం నుంచి బయలుదేరిన పిల్లవాడు పంతులై, యాభయ్యో ఏట మళ్ళీ పిండి దగ్గరికి వచ్చి కూర్చుంటే, దాన్ని వెనక్కి వెళ్ళడమని నేను అనుకోను.

నాకు అభ్యంతరాలు లేకపోలేదు. కలంకారీ మీది అధ్యాయం తొందరలో వ్రాసినట్లుంది. శ్రీకాళహస్తి పనివారు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో గుడ్డను నానబెట్టి ఆరవేసి, బెల్లంతో ఇనుప తుక్కును రోజుల తరబడి ఊరబెట్టి నల్లరంగు తీసి, వెదురుపుల్లకు గుడ్డపీలికో ఉన్నో చుట్టి దారంతో బిగించి, ఆ చుట్టను వేళ్ళతో నొక్కుతూ రంగును గీతగా దింపుతారు. ఎంత నొక్కితే అంత రంగు. చేయి కోపంగా ఉంటే గుడ్డ మీద తెలిసిపోతుంది. ఓర్పును గురించి చెప్పడానికి ఇంతటి ఉపమానం చేతిలో ఉండగా, ఆదివారాలు కలంకారీ నేర్చుకోమని రెండు పుటలలో సలహా ఇచ్చి తేల్చివేయడం న్యాయం కాదు. రెండో కూర్పులో దీన్ని విస్తరించాలని, లేదా తీసివేయాలని నా సూచన.

రెండవది, ముగ్గు ఆడవారి పని అని పంతుళ్ళు పక్కకు తప్పుకుంటున్నారని ఆమె ఒకచోట బాధపడింది గాని సమాధానం చెప్పలేదు. ఆ సమాధానం నేను చెబుతాను. మండపారాధనలో పిండితో అష్టదళ పద్మాన్ని తీర్చేది పురోహితుడు. కేరళ దేశపు కళమెళుత్తులో అయిదు రంగుల పొడులతో భద్రకాళిని నేల మీద నిలిపేది కురుప్పులనే పురుషులు. పూజ ముగిశాక ఆ రూపాన్ని కూడా చెరిపివేస్తారు. సుద్దముక్క పట్టడానికి సిగ్గుపడని చేతికి పిండి పట్టడానికి సిగ్గెందుకు? రాజమండ్రిలో దామెర్ల రామారావు అనే కుర్రవాడి చేతిలోని గీతను కనిపెట్టి బొంబాయి చిత్రకళాశాలకు దారి చూపిన ఆస్వాల్డ్ కూల్డ్రే కళాశాల ప్రిన్సిపాలుగా ఉంటూనే తానూ బొమ్మలు వేసుకున్నవాడు. రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయాడు. ఆ గురువు చూపిన చూపు వల్ల ఆంధ్ర చిత్రకళ అనేది ఒకటి మిగిలింది. పంతులు చేతిలోని బొమ్మకు అంత చరిత్ర ఉంది.

మూడవది కొంచెం కటువైన మాట. ఖాళీ పోస్టులు నింపకుండా, ఇద్దరి పని ఒకరితో చేయిస్తూ, సాయంత్రం యోగా చేసుకోమనడం దెబ్బ కొట్టి వెన్న రాయడం వంటిది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనగణనకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు తప్ప ఉపాధ్యాయులను బోధనేతర పనులకు నియోగించరాదని స్పష్టంగా చెబుతున్నది. ఆ సెక్షను సక్రమంగా అమలైతే ఈ పుస్తకం అవసరం సగానికి సగం తగ్గుతుంది. గ్రంథకర్త్రికి ఈ సంగతి తెలుసు. మర్యాదకు పోయి వ్రాయలేదు. పదవీ విరమణ చేసినవాడికి ఆ మర్యాదతో పని లేదు కనుక నేను వ్రాస్తున్నాను.

ఆమె పరిశ్రమ సంగతి చెప్పి లేస్తాను. ఆరేళ్ళపాటు, బడి విడిచాక, తనతో కూర్చోవడానికి ఒప్పుకున్న నలుగురైదుగురు సహోపాధ్యాయులతో ఈ అభ్యాసం నడిపి, ఏ ముగ్గు దగ్గర ఎవరికి విసుగు పుట్టింది, ఏ ప్రాణాయామం దగ్గర ఎవరికి తల తిరిగింది, ఎవరు మూడో వారానికి మానేశారు, ఏడో వారానికి తిరిగి వచ్చినప్పుడు ఏమన్నారు అన్నవన్నీ పాత పరీక్షల జవాబుపత్రాల వెనకవైపు వ్రాసుకుంది. ఆ కట్ట నేను చూశాను. మానేసినవారి మాటలను కూడా పుస్తకంలో చేర్చడం ఆమె నిజాయతీకి తార్కాణం. ఇట్టి గ్రంథాలలో అందరూ బాగుపడినట్లే వ్రాస్తారు.

నా ముగ్గు మాట. నాలుగు నెలల్లో 37 చుక్కల మెలిక ఒక్కసారి మాత్రమే మొదలుపెట్టిన చోట కలిసింది. వణుకుతున్న గీతే గాని, కలిసింది. ఎవరికీ చూపలేదు, ఊడ్చివేశాను. ఇప్పుడు వ్రాస్తున్నందుకు గ్రంథకర్త్రి క్షమించాలి.

ప్రధానోపాధ్యాయులకు ఒక్క మనవి. ఈమె మిమ్మల్ని నిధులు అడగలేదు, గది అడగలేదు, ఉత్తర్వులు అడగలేదు. వారానికి రెండు సాయంత్రాలు, బడి వసారాలో ఒక మూల, అరగంటసేపు ఎవరూ పిలవకుండా ఉండాలి. ఆ అరగంటకు ఫొటో అడగరాదు. మీ బడిలో ఆ మూల ఎక్కడుందో వచ్చే సోమవారం ఒకసారి చూడండి.